అణువుల అచ్చు: ఒక తప్పు సిద్ధాంతము చేసిన మేలు

మన దేవాలయములలోని ఉత్సవ విగ్రహములను పోతపోయు స్థపతులు అనుసరించు పద్ధతి ఒకటి కలదు. ముందుగా మైనముతో విగ్రహమును తీర్చుదురు. దానిపై మెత్తని మట్టిని పూతలు పూతలుగా పూసి ఆరనిత్తురు. పిమ్మట ఆ మట్టి ముద్దను కాచినచో లోని మైనము కరగి, విడిచి ఉంచిన రంధ్రము గుండ వెలికి పోవును. లోపల మిగులునది శూన్యము. కాని అది వట్టి శూన్యము కాదు. కనుముక్కు తీరును, వ్రేళ్ళ వంపును, హారములోని పూసను సయితము జ్ఞాపకముంచుకొన్న శూన్యము. అందులో కరగిన లోహమును పోయగా విగ్రహము తయారగును.

ఇప్పుడు ఒక చిన్న ఊహ చేయుదము. స్థపతి లోహమును పోయక, ఆ శూన్యమునే పదిలపరచినాడనుకొందము. ఆ మైనపు బొమ్మను పోలిన బొమ్మలు వేయి ఇతర బొమ్మలతో కలసి రాశిగా పడి ఉన్నవనుకొందము. మన అచ్చులో సరిగా ఇముడునది ఆ ఒక్క రూపమే. తక్కినవి ఒక అంచుననో, ఒక మూలనో అడ్డుపడి బయటనే నిలిచిపోవును. అనగా అచ్చు ఇప్పుడు పోత సాధనము కాదు, గుర్తుపట్టు సాధనము. విగ్రహము స్థానమున కంటికి కానరాని అణువును, మట్టి స్థానమున ఒక ప్లాస్టిక్ పదార్థమును ఊహించినచో, శాస్త్రజ్ఞులు చేయుచున్న అణుముద్రణము అర్థమైనట్లే.

ఈ విద్య చరిత్రను నేడు మేము ఎన్నుకొనుటకు కారణము దాని ప్రయోజనము ఒక్కటియే కాదు. శాస్త్ర చరిత్ర అనగా విజయముల వరుస అని మనము తలచుచుందుము. పాఠ్యపుస్తకములు తప్పిన సిద్ధాంతములను ఒక వాక్యములో కొట్టివేసి ముందునకు సాగును. అణుముద్రణము కథ అట్టిది కాదు. ఒక గొప్ప శాస్త్రజ్ఞుడు పొరపాటుపడెను. ఆ పొరపాటు నుండియే ఈ విద్య బలము పుంజుకొనెను.

కథ 1894లో ఆరంభమగుచున్నది. ఆ సంవత్సరమున బెర్లిన్ నగరములో ఎమిల్ ఫిషర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఎంజైముల పనిని పరిశీలించుచు ఒక విశేషమును గమనించెను. ఒక ఎంజైము ఒక రకపు చక్కెర సమ్మేళనమును విడగొట్టును. దానికి అన్ని విధముల సాటియై, అణువుల అమరికలో మాత్రము కొంచెము భేదించు మరొక దానిని ముట్టదు. తాళమునకు తాళపుచెవి వలె ఎంజైమునకును, అది పనిచేయు పదార్థమునకును రూపములు సరిపడవలెనని ఆయన చెప్పెను. జీవ ప్రపంచములో ఒక అణువు మరొక అణువును గుర్తించునది రూపమును బట్టియే అను భావము ఇట్లు స్థిరపడెను. అట్టి తాళమును మనిషి తన చేతితో చేయగలడా? ఈ ప్రశ్నకు తొలి సమాధానము ఎవరును ఎదురుచూడని దిక్కునుండి వచ్చెను.

1931లో సోవియట్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎం. వి. పాల్యకోవ్ సిలికా జెల్ గురించి పరిశోధించుచుండెను. మందుల సీసాలలోను, క్రొత్త తోలు సంచులలోను తేమ పీల్చుటకై ఉంచు తెల్లని గుళికలను శ్రోతలు చూచియుందురు. అదియే సిలికా జెల్. దాని లోపల లెక్కకు మిక్కిలి సన్నని రంధ్రములుండును. పాల్యకోవ్ ఈ జెల్‌ను ఒక్కొక్కమారు బెంజీను సమక్షమున, ఒక్కొక్కమారు టోలుయీను, జైలీను సమక్షమున ఆరనిచ్చి, పిమ్మట ఆ ద్రవమును తొలగించెను. తరువాత పరీక్షింపగా, బెంజీను సమక్షమున ఆరిన జెల్ మిగిలిన రెండింటికన్న బెంజీనునే ఎక్కువగా పట్టుకొనుచుండెను. ఆరునపుడు ప్రక్కన ఎవరుండిరో ఆ జెల్ మరువలేదు! ఇది అణుముద్రణములో మొదటి ప్రయోగమని నేటి చరిత్రకారులు చెప్పుచున్నారు. కాని ఆ దినములలో దాని వంక చూచినవారు బహు కొద్దిమంది. రష్యను భాషలో అచ్చైన ఆ వ్యాసము పశ్చిమ దేశములలో చాలకాలము మరుగున పడియుండెను.

ఇక రెండవ దారి వైద్య శాస్త్రమునుండి వచ్చినది. మన శరీరములో రోగకారకములు ప్రవేశించినపుడు, వానిని పట్టుకొనుటకై రక్తములో ప్రతిరక్షకములు అను మాంసకృత్తులు పుట్టుచుండును. ఒక్కొక్క ప్రతిరక్షకము తన శత్రువును మాత్రమే పట్టును. ఇందులోని చిక్కును కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రయోగములు బయటపెట్టినవి. ప్రకృతిలో ఎన్నడును లేక, ప్రయోగశాలలో క్రొత్తగా తయారైన రసాయనములను మాంసకృత్తులకు తగిలించి జంతువులకు ఎక్కించినను, వానికి సరిగా సరిపోవు ప్రతిరక్షకములు పుట్టుచుండెను. సృష్టిలోనే లేని వస్తువునకు శరీరము ముందుగా తాళమును ఎట్లు సిద్ధము చేసికొని ఉండగలదు?

దీనికి 1930లో బ్రైన్ల్, హౌరోవిట్స్ అనువారు ఒక సమాధానము సూచించిరి. 1940లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన లైనస్ పౌలింగ్ దానికి స్పష్టమైన రూపమునిచ్చెను. రసాయన బంధముల స్వభావమును గూర్చిన కృషికి 1954లో నోబెల్ బహుమానము పొందిన పౌలింగ్ ఈయనయే. ఆయన చెప్పినది ఇది: ప్రతిరక్షకపు మాంసకృత్తు ఒక పొడవైన గొలుసు. ఆ గొలుసు ఇంకను ముడుచుకొనకముందే శత్రువు అణువు దానికి తగులును. అప్పుడు గొలుసు కొనలు ఆ అణువు చుట్టును దాని ఆకృతికి అనుగుణముగా ముడుచుకొనును. అనగా శత్రువే మైనపు బొమ్మ. మాంసకృత్తే దాని చుట్టును గట్టిపడు మట్టి. కావుననే ఎంత క్రొత్త వస్తువునకైనను సరిపడు అచ్చు తయారగును.

ఎంత సులభమైన, ఎంత అందమైన సిద్ధాంతము! అందమైనదగుటచేతనే అది ఒక సాహసమునకు ప్రేరేపించెను. అచ్చు పోయుటయే రహస్యమైనచో శరీరముతో పనియేమి? గాజుపాత్రలోనే పోయవచ్చును గదా! 1942లో పౌలింగ్, ఆయన సహచరుడు క్యాంప్‌బెల్ సామాన్యమైన రక్తపు మాంసకృత్తును మెల్లగా విప్పి, ఒక రసాయనము సమక్షమున మరల ముడుచుకొననిచ్చి, కృత్రిమ ప్రతిరక్షకములను తయారు చేసితిమని ప్రకటించిరి. తక్కిన ప్రయోగశాలలలో అది ఋజువు కాలేదు. ఆ ప్రకటన క్రమముగా మాటుమణిగెను.

కాని ఆ భావమును వేరొక దారిలో పరీక్షించినవాడు ఒకడు కలడు. పౌలింగ్ పనిచేయుచుండిన ఆ సంస్థలోనే ఫ్రాంక్ డికీ అను యువకుడు మాంసకృత్తును వదలి సిలికా జెల్‌ను చేపట్టెను. మన కళాశాలల ప్రయోగశాలలలో ఆమ్లములో ఎఱ్ఱగాను, క్షారములో పసుపుగాను మారు మిథైల్ ఆరెంజ్ అను రంగును విద్యార్థులెల్లరు ఎరుగుదురు. డికీ ఆ రంగు సమక్షమున జెల్‌ను తయారు చేసి, పిమ్మట రంగును కడిగివేసెను. మిథైల్ ఆరెంజ్‌కు అతి సన్నిహిత బంధువులైన ఇథైల్, ప్రొపైల్, బ్యుటైల్ ఆరెంజ్‌లతోను అదే పని చేసెను. ఏ రంగుతో చేసిన జెల్ ఆ రంగునే అధికముగా పట్టుకొనెను. ఈ ఫలితమును 1949లో ప్రకటించెను. పదునెనిమిది సంవత్సరములకు పూర్వము పాల్యకోవ్ చూచినదానినే, మరింత స్పష్టముగా, మరొక ఖండములో లోకము చూచినట్లయ్యెను.

ఇచ్చట కథ మలుపు తిరుగుచున్నది. సీసాలో ఈ సిద్ధాంతము నిలబడుచుండగనే, శరీరము విషయమున అది కూలుచుండెను. 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు మెక్‌ఫర్లేన్ బర్నెట్ వేరొక మాట చెప్పెను. శరీరము శత్రువును చూచి తాళమును చేయదు. అసంఖ్యాకములైన కణములు, ఒక్కొక్కటి ఒక్కొక్క తాళముతో, శత్రువు రాకముందే సిద్ధముగా ఉండును. వచ్చిన శత్రువు ఏ తాళములో ఇముడునో, ఆ కణమే వృద్ధిపొంది వేలకు వేలుగా పెరుగును. అనగా ఇది మైనములో అద్ది చేసిన తాళపుచెవి కాదు. పెద్ద గుత్తిలోనుండి ఏరుకొన్న తాళపుచెవి. మాంసకృత్తు ఎట్లు ముడుచుకొనవలెనో దాని గొలుసులోని అమైనో ఆమ్లముల వరుసయే నిర్ణయించునని క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ ప్రయోగములు తెలిపినవి. 1964లో ఎడ్గర్ హేబర్ ప్రతిరక్షకపు ముక్కను పూర్తిగా విప్పి, శత్రువు అణువు దగ్గర లేకుండగనే మరల ముడుచుకొననిచ్చెను. అది తన పూర్వపు గుర్తింపు శక్తిని తిరిగి పొందెను. మూస లేకుండగనే అచ్చు తన రూపము తాను తెలిసికొన్నది! పౌలింగ్ సిద్ధాంతమునకు ఇక తావు లేకపోయెను.

సామాన్యముగా కథ ఇచ్చటనే ముగియవలెను. ప్రకృతి ఆ దారిన నడచుటలేదని తేలినది. కాని ప్రకృతి నడువని దారిన మనిషి నడువరాదని ఎవరనిరి? పక్షి రెక్కలు కొట్టుకొనును, విమానము కొట్టుకొనదు. అయినను ఎగురుచున్నది. శరీరమును గూర్చి అసత్యమైన మాట, రసాయన శాస్త్రజ్ఞుని బల్లపై సత్యము కావచ్చును.

అట్లు తలచి ముందునకు సాగినవారిలో జర్మనీ దేశపు గుంటర్ వుల్ఫ్ ముఖ్యుడు. సిలికా అచ్చులలో అప్పటికి రెండు లోపములు కనబడుచుండెను. ముద్ర చాలకాలము నిలువకుండెను. ఒకమారు వచ్చిన ఫలితము మరొకమారు రాకుండెను. 1972లో వుల్ఫ్, సర్హాన్ సిలికాను విడిచి ప్లాస్టిక్‌ను చేపట్టిరి. వారెన్నుకొన్నది గ్లిసరిక్ ఆమ్లము. మన కుడిచేయి, ఎడమచేయి వలె ఈ ఆమ్లమునకు ఒకదానికొకటి అద్దములోని ప్రతిబింబము వంటి రెండు రూపములు కలవు. కుడిచేతి చెప్పగు రూపమును బలమైన రసాయన బంధములతో ప్లాస్టిక్ మూలద్రవ్యమునకు కట్టి, దాని చుట్టును పదార్థమును గట్టిపరచి, పిమ్మట ఆ బంధములను త్రెంచి అణువును బయటికి తీసిరి. మిగిలిన గుంట రెండు చేతులకును గల భేదమును గుర్తించెను. ఒక చేతి తొడుగు మరొక చేతికి పట్టదు గదా, అట్టిదే ఇది. మందులు చేయువారికి ఇది ఎంతో ముఖ్యము. ఒక మందు యొక్క కుడి రూపము మేలు చేయగా, ఎడమ రూపము పనిచేయకపోవచ్చును, కీడే చేయవచ్చును.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయమున క్లౌస్ మోస్బాఖ్ ఈ పద్ధతిని ఇంకను సులభము చేసెను. 1981లో ఆర్షాడితో కలసి ఆయన ప్రకటించిన విధానములో అణువును కట్టివేయ నక్కరలేదు. తయారీ ఇట్లుండును. మీథాక్రిలిక్ ఆమ్లము వంటి చిన్న అణువులను, మూస అణువుతో కలిపి, ద్రావకములో ఉంచుదురు. అవి సహజమైన ఆకర్షణచేత మూస చుట్టును తమంతట తామే చేరుకొనును. అప్పుడు వానిని ఒకదానితో ఒకటి అల్లు మరొక పదార్థమును విస్తారముగా చేర్చి, వేడిచేతనో, వెలుతురుచేతనో గట్టిపరతురు. గాజువలె మెరయు పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ కుటుంబమునకు చెందినదే ఈ గట్టి పదార్థము. దానిని పొడిచేసి, కడిగి, మూసను తొలగింతురు. నిజముగా ముద్ర పడినదా అని తెలిసికొనుటకు, మూస లేకుండ అదే ద్రవ్యములతో మరొక పొడిని చేసి, రెంటిని పోల్చి చూతురు. ఈ జోడీ పరీక్ష లేనిదే ఎవరి మాటయు చెల్లదు.

1993లో ఈ కృషి లోకమంతటి దృష్టిని ఆకర్షించెను. వ్లాటాకిస్, ఆండర్సన్, ముల్లర్, మోస్బాఖ్ అను నలుగురు థియోఫిలిన్ అను మందునకు అచ్చు తయారు చేసిరి. ఉబ్బసపు రోగులకు ఊపిరి ఆడనిచ్చు మందు ఇది. కాని దీనితో కత్తిమీది సాము. రక్తము మిల్లీలీటరునకు 10 నుండి 20 మైక్రోగ్రాముల వరకు ఉండుట మేలని వైద్యులు చాలకాలము పాటించిరి. అంతకు తగ్గినచో గుణమియ్యదు. మించినచో వాంతులు, గుండెదడ, మూర్ఛలు కూడ రావచ్చును. కావున రక్తములో ఎంత ఉన్నదో కొలువవలెను. ఇందులో చిక్కు మన కాఫీయే! కాఫీలోని కెఫీన్‌కును, థియోఫిలిన్‌కును ఉన్న భేదము ఒకే ఒక మిథైల్ గుంపు, అనగా ఒక కార్బను, మూడు హైడ్రోజను పరమాణువులు. ఉదయమున కాఫీ త్రాగి వచ్చిన రోగి రక్తములో రెండును ఉండును. కొలత సాధనము కెఫీన్‌ను మందుగా పొరబడినచో, చాలని మోతాదును చాలునని వైద్యుడు తలచును. రోగి ఊపిరికి తపించును. ఆ నలుగురు చేసిన ప్లాస్టిక్ అచ్చు థియోఫిలిన్‌ను గట్టిగా పట్టుకొని, కెఫీన్‌ను దాదాపు పూర్తిగా వదలివేసెను. జంతువుల శరీరమున పుట్టిన ప్రతిరక్షకములతో చేయు పరీక్షకు ఈ ఫలితములు సాటిరాగలిగెను. పౌలింగ్ కలగన్న కృత్రిమ ప్రతిరక్షకము, మాంసకృత్తుతో గాక ప్లాస్టిక్‌తో, సుమారు అర్ధశతాబ్దమునకు పిమ్మట సిద్ధించినది.

దీనివలన మనవంటి ఉష్ణదేశములకు కలుగు లాభమును కొంచెము ఆలోచింపవలెను. ప్రతిరక్షకములు సున్నితమైనవి. వానిని శీతలపేటికలో భద్రపరచవలెను, ఎండకు చెడును. వానిని పుట్టించుటకు జంతువులో, పెంచిన కణములో కావలెను. ముద్రిత ప్లాస్టిక్ వేడికి, ఆమ్లమునకు, క్షారమునకు తట్టుకొనును. మామూలు అలమరలో చాలకాలము నిలువ ఉండును. విద్యుత్తు నిలుకడ లేని ఊరి ఆసుపత్రికిని, మంచుగడ్డ దొరకని దారికిని ఈ గుణము చిన్నది కాదు.

మన తీరమునకు దగ్గరైన ఉదాహరణము ఒకటి చెప్పుదుము. కృష్ణా గోదావరి డెల్టాలలోను, నెల్లూరు తీరమునను రొయ్యల చెరువులపై ఆధారపడిన కుటుంబములు అనేకములు. క్లోరాంఫెనికాల్ అను మందు మనుష్యులలో కొందరికి ఎముకల మూలుగను దెబ్బతీయును. అందుచేత ఐరోపా దేశముల సంఘము 1994లో ఆహారమునకై పెంచు జంతువులలో దాని వాడకమును నిషేధించెను. కిలోగ్రాము ఆహారములో 0.3 మైక్రోగ్రామునైనను పట్టగలిగిన పరీక్ష ఉండవలెనని 2003లో నిర్ణయించెను. ఇది దాదాపు 333 కోట్ల భాగములలో ఒక భాగము! రొయ్య మాంసములోని క్రొవ్వు, మాంసకృత్తులు, లవణముల మధ్య అంత స్వల్పమైన దానిని వెదకుట గడ్డివాములో సూదిని వెదకుటకన్న కష్టము. ఇట్టి పనికి క్లోరాంఫెనికాల్ అచ్చుగల పొడిని చిన్న గొట్టములలో నింపి అమ్ముచున్నారు. రొయ్య సారమును దాని గుండ పోసినచో తక్కినవి జారిపోవును, ఆ మందు నిలిచిపోవును. పిమ్మట దానిని వేరుగా కడిగి యంత్రముతో కొలుతురు. కలుపుమందుల అవశేషములను నీటినుండి పట్టుటకును ఇట్టి గొట్టములే ఉపయోగపడుచున్నవి. నిషిద్ధమైన మందును దాచినవానిని పట్టుట ఎంత అవసరమో, తప్పు చేయని రైతు సరుకును అన్యాయముగా త్రిప్పిపంపకుండుట అంత అవసరము. నిక్కచ్చియైన పరీక్ష ఇద్దరికిని న్యాయము చేయును.

అమెరికాలో కెన్నెత్ షియా, హోషినో మొదలగువారు ఇంకొక అడుగు ముందునకు వేసిరి. తేనెటీగ విషములోని మెలిటిన్ అను 26 అమైనో ఆమ్లముల గొలుసునకు వారు అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులలో అచ్చు వేసిరి. ఆ రేణువులను, మెలిటిన్ ఎక్కించిన ఎలుకల రక్తములోనికి పంపగా, అవి విషమును పట్టుకొని దాని ప్రభావమును తగ్గించినవని 2010లో ప్రకటించిరి. సీసాలో మొదలైన అచ్చు ఇట్లు జీవి రక్తములోనే పనిచేసినది.

అయినను శ్రోతలను అత్యాశకు గురిచేయుట మా అభిమతము కాదు. ఈ అచ్చులకు లోపములు కలవు. ఒకే పొడిలోని గుంటలన్నియు ఒక్క తీరున ఉండవు. కొన్ని చక్కగా పట్టును, కొన్ని వదులుగా ఉండును. ఎంత కడిగినను మూస అణువులు కొన్ని లోపల చిక్కుకొని, పరీక్ష సమయమున మెల్లగా బయటికి వచ్చి లెక్కను తప్పుదారి పట్టించును. అందుచేత కొందరు అసలు పదార్థమును గాక, దాని సమీప బంధువునే మూసగా వాడుదురు. పెద్ద మాంసకృత్తులకు అచ్చు వేయుట నేటికిని కష్టమే. బిగువైన అల్లికలోనికి అవి పోలేవు, రాలేవు. ఈ కారణములచేత ఆసుపత్రులలో ప్రతిరక్షకముల స్థానము ఇంకను చెక్కుచెదరలేదు.

ఇక చివరి మాట. పౌలింగ్ పొరపాటును మేము పొగడుచున్నామని ఎవరును తలపరాదు. పొరపాట్లన్నియు ఫలించవు. 1942 నాటి ప్రకటన పొరపాటే. దానివలన ఏమియు మిగులలేదు, ఎవరును మరల చేసి చూపలేకపోయిరి. 1940 నాటి సిద్ధాంతము కూడ పొరపాటే. కాని అది ఏమి చెప్పుచున్నదో స్పష్టముగా చెప్పెను; తనను పరీక్షించుటకు దారిని తానే చూపెను. హేబర్ దానిని కూల్చగలిగినది ఆ స్పష్టతచేతనే. డికీ దానిని సిలికాలో నిలుపగలిగినదియు ఆ స్పష్టతచేతనే. మసకగా చెప్పిన సత్యముకన్న విస్పష్టముగా చెప్పిన తప్పు ఒక్కొక్కపుడు శాస్త్రమునకు ఎక్కువ ఉపకరించును. ఇక పాల్యకోవ్ కథ రెండవ పాఠమును నేర్పుచున్నది. సరియైన ఫలితము చేతిలో ఉన్నను, వినువారు లేనిచో అది చాలకాలము మౌనముగా పడియుండును.

మైనపు బొమ్మ కరగిపోయినది. అది ఉత్సవ విగ్రహము కాలేదు. కాని అది విడిచిన శూన్యము నేడొక రోగి రక్తములో మందును లెక్కించుచున్నది, ఒక రొయ్యల రైతు సరుకునకు సాక్ష్యము పలుకుచున్నది. మన పిల్లలకు శాస్త్రమును చెప్పునపుడు గెలిచిన సిద్ధాంతములతోపాటు ఇట్లు కరగిపోయిన మైనమును గూర్చియు ఒక్క మాట చెప్పుదుము గాక.